చదివి వినిపించడమైనది

పుస్తకానికి ముందర రెండు మాటలా? నన్నేటి రాయమంటావురా జయకృష్ణా. నా జన్మలో స్టాంపు కాయితం ఎనకాల కొన్నోడి పేరూ, తేదీ, నా సంతకం తప్ప ఇంకేటీ రాసి ఎరగను. ముందు కూకో. ఆ కుర్సీ వద్దు, దాని కాలు ఊగుతాది, ఇటు మంచం మీద కూకో. అయితే మీ తాత పుస్తకాలు మళ్లీ అచ్చేయిస్తావన్నమాట. ఎవరు సదువుతార్రా? అప్పుడే సదివినోడు లేడు, ఇప్పుడు అందరూ ఫోన్లు గోక్కుంటన్నారు. ఏటీ, అయిదొందలు ఎయ్యక్కర్లేదా? పాతిక కాపీలు సెప్పినా ఏసి ఇంటికి పంపుతారా? ఓర్నాయనో, ఈ సదుపాయం అప్పుడుంటే మీ తాత నెలకో పుస్తకం దించీసీవాడు, ఊరు బతికిపోనాది. సరే, ఎయ్యి. నాలుగూ కలిపి ఒకటే బొత్తిగా ఎయ్యి, నాకేటి. కానీ ఒక మాట. ఆ నాలుగో పుస్తకంలో ఆఖరి కథ ఉన్నాది సూడు, 'ఎడమ బొటనేలు' అని, అదొక్కటీ ఒగ్గీ. మిగతావన్నీ ఏసుకో. ఎందుకా? బాగోదు, అంతే. నిజంగా జరిగిందా అంటావా? సెప్తాను లే, అంత తొందరేటి నీకు. ముందు మీ తాత సంగతి ఇను. ఆయన పోయీసరికి నువ్వు పన్నెండేళ్లోడివి, నీకు తాత అంటే జేబులో జీడిపప్పు పెట్టుకొచ్చీ ముసిలోడు, అంతే గదా.

మీ తాతా నేనూ ముప్పయ్యేళ్లు ఒకే వరండాలో కూకున్నాం. రిజిస్ట్రారాఫీసు ఎదర పెంకుల వరండా. అటు సివర మీ తాత డెస్కు, ఇటు సివర నా స్టాంపుల పెట్టె. వరసకి మేం ఏటీ కాం, మీరు యవసాయం సేసుకునీ ఇంటోళ్లు, మేం షావుకార్లం, అయినా బావా అంటే బావా అనుకునీవోళ్లం. భూమి కొన్నా అమ్మినా, అన్నదమ్ములు పంచుకున్నా, బంగారురాజు సెయ్యి పడితే గాని కాయితం కాదు. దస్తావేజు లేఖరంటే అలగుండాల. మనిషి డెస్కు ముందర కూకోగానే తండ్రి పేరు, ఊరు, వయసు, అన్నీ అడిగి, నాలుగు హద్దులూ రాసీవాడు. తూర్పున ఎవరి పొలం, దక్షిణాన ఎవరి కాలవ, పడమట ఏటి, ఉత్తరాన ఏటి. నేను స్టాంపు కాయితం అమ్మీవోణ్ని, సాక్షి దొరకనోళ్లకి సాక్షి సంతకం కూడా పెట్టీవోణ్ని. రోజుకి పది పెట్టీవోణ్ని. సదువు రానోళ్లొస్తే ఏలు సిరాలో అద్దించి, నిశానీ ఏయించి, తడిగుడ్డిచ్చి తుడుచుకోమనీవోణ్ని. ప్రతి కాయితం సివరా ఒకటే ముక్క ఉండీది. "ఇందులోని సంగతులన్నీ నాకు చదివి వినిపించగా విని, సమ్మతించి, నా ఇష్టపూర్తిగా వేసిన వేలిముద్ర." సదివి ఇనిపించాల, అది పద్ధతి. ఇనిపించీవోళ్లమా? కొన్ని ఇనిపించీవోళ్లం, కొన్ని లేదు. బస్సుకి టైమైపోతే ఎవడింటాడు.

ఇంతలో కంప్యూటర్లొచ్చినాయి. లేఖరి అక్కర్లేదు, ఎవడి కాయితం వాడే తెచ్చుకోవచ్చన్నారు. మీ తాతకి అప్పటికి అరవయ్యొకటి. పొద్దున్న లేచి, తానం సేసి, ఇస్త్రీ సొక్కా ఏసుకుని, డెస్కు ముందర కూకునీవాడు, ఇంట్లోనే. ఎదర ఎవడూ లేడు. వారం పోయాక సూస్తే రాసీస్తన్నాడు. "ఏటి బావా, ఎవరి కాయితం?" అంటే "నవల" అన్నాడు. నేను నవ్వినాను. మీ నాయనమ్మ పద్మకుమారమ్మ గుమ్మంలో నిలబడి బియ్యం ఏరతన్నాది, ఆవిడ నవ్వలేదు. "అన్నయ్యా, ఊళ్లో మగోళ్లు ముసలైతే కోళ్లు పెంచుకుంటారు, గుడికెల్తారు, పేకాడుకుంటారు. ఈయనకిదేటి తెగులు సెప్పు. పొద్దున్న కూర ఏటొండమంటారంటే, ఉండు, ఈ పిల్లని ఇంకా బావి దగ్గరే ఒగ్గీసినాను అంటన్నాడు. ఎవర్తె ఆ పిల్ల?" అన్నాది. ఆ పిల్ల నవల్లో పిల్లే. ఆవిడకి తెలుసు, తెలిసే అన్నాది.

ఇప్పుడా నవల సంగతి ఇను. ప్రేమకథ. అందులో అబ్బాయీ అమ్మాయీ మొదటిసారి కలుస్తారు గదా, ఎక్కడ కలుస్తారు? "తూర్పు, నూకయ్య గారి వంగతోట. దక్షిణం, పంచాయితీ దారి. పడమర, పాడుపడిన బావి. ఉత్తరం, సర్కారు పుంత. ఈ మధ్య గల ఎనిమిది సెంట్ల స్థలమందు ఆమె నిలబడి యుండెను." నీ ముందే ఉన్నాది పుస్తకం, తీసి సూడు, నేను కల్పిస్తన్నానేటి? ఆ పిల్ల అందం సెప్పాలా, "సుమారు పందొమ్మిది సంవత్సరముల వయసు, కుడి చెక్కిలిపై పుట్టుమచ్చ ఆనవాలు" అని రాసినాడు. కుర్రోడు ప్రేమ ఎలగ సెప్తాడనుకున్నావు? "నేను పూర్తి స్పృహతోనూ, ఎవరి బలవంతమూ లేకుండానూ, నా మనసును నీకు దఖలు పరిచితిని. ఇది మొదలు దానిపై నాకు గాని, నా వారసులకు గాని ఎట్టి హక్కూ లేదు." దానికా పిల్ల, "రేపు ఎవరైనా తగాదాకు వచ్చినచో నీ సొంత ఖర్చులతో పరిష్కరించవలెను" అంటాది. అది సదివి నేను దగ్గొచ్చిందాకా నవ్వినాను. అయితే ఒకటి, ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేటున్నాది? మన ఇళ్లల్లో ఆడపిల్లలు ముందే ఆ మాట అడిగుంటే సగం గొడవలు ఉండకపోను. ఏటంటన్నాను? ఆ, అచ్చు.

అచ్చాఫీసు యుగంధర్‌ది. మంచోడే, ఓపికున్నోడు, పెళ్లి కార్డులేసుకుని బతికీవోడు. మీ తాత రాత సూసి, "మాస్టారూ, ఇదేటండీ, పేరా లేదు, ఖాళీ లేదు, ఇటు అంచు నుంచి అటు అంచుదాకా ఒకటే వరసగా రాసీసినారు" అన్నాడట. మీ తాత ఏటన్నాడో తెలుసా? "ఖాళీ ఒగ్గితే ఎవడో ఒకడు మజ్జిలో ఏదో ఇరికించీస్తాడు." దస్తావేజులో అంతే గదా, సందు ఒగ్గకూడదు. నవల్లో ఎవడేటి ఇరికిస్తాడ్రా? ఆ అబ్బాయికి ఇంకో పెళ్లాన్ని ఇరికిస్తాడా? ఇద్దరూ నాలుగు రోజులు దెబ్బలాడుకుని, సివరికి పేరాకి ఒక గీత గీసి సందు పూడ్చేటట్టు ఒప్పందమైనాది. ఆ తరవాత కొట్టివేతలు. మీ నాయనమ్మకి పక్కింటి పిల్ల సేత ఒక పేజీ సదివించినారు ఎవరో, అందులో ముద్దున్నాది. ఆవిడ రెండు రోజులు మాటాడలేదు. మీ తాత భయపడి ముద్దు కొట్టీసినాడు. కొట్టీసినాడు గదా, అక్కడితో అయిపోవాల. కాదు. పుస్తకం సివర్న అచ్చులో ఏయించినాడు, "పదమూడవ పేజీ ఆరవ వరసలో 'ముద్దు' కొట్టివేసి 'నమస్కారం' అని రాసినది సరి" అని, కింద సంతకంతో సహా. యుగంధర్ నెత్తి కొట్టుకున్నాడు. "మాస్టారూ, దిద్దీసే అచ్చేస్తన్నాం గదా, ఏది కొట్టినామో సెప్పక్కర్లేదండీ" అంటే, "కొట్టివేత దాస్తే దొంగ కాయితం అంటారు బాబూ" అన్నాడట. దాంతో ఊరందరికీ ముద్దు సంగతి తెలిసినాది. సెప్పకపోతే ఎవడికీ తెలీకపోను.

సంతకాలొకటి. దస్తావేజుకి ప్రతి పేజీకీ సంతకం ఉండాల గదా. అయిదొందల పుస్తకాలు, ఒక్కోటీ ఎనభయ్యెనిమిది పేజీలు, ఈయన ప్రతి పేజీ కిందా సంతకం పెట్టడం మొదలెట్టినాడు. అచ్చైన పుస్తకం మీద, ఇంకుపెన్నుతో. డెబ్బయ్యో పుస్తకానికి ఏలు వాచిపోనాది, మీ నాయనమ్మ పసుపు పట్టు ఏసినాది. అప్పుడు ఒగ్గీసినాడు. నీ సేతిలో ఉన్నది సంతకాలున్నదా? అయితే మొదటి డెబ్బైలోది.

ఆవిష్కరణ సభ మా అరసవల్లిలోనే పెట్టినాడు, ఆదివారం పూట. ఆదివారమైతే గుడికి జనం వస్తారు, మన సభకీ నాలుగు తలకాయలొస్తాయని లెక్క. వచ్చినారు. ఉప్మా వాసనకి వచ్చినారు. గుండు సేయించుకున్నోళ్లు, పిల్లల్ని సంకనేసుకున్నోళ్లు, దేవుడి పెసాదమనుకుని లైన్లో నిలబడ్డారు. హాలు నిండిపోనాది. మీ తాత ముఖం సూడాల ఆ రోజు, మతాబాలాగ ఎలిగిపోనాది. ఆకుతో పాటు పుస్తకం కూడా ఇచ్చినాడు అందరికీ. ఉప్మా తినీసి ఆకులు బుట్టలో పడీసినారు, పుస్తకాలు కుర్చీల కింద ఒగ్గీసినారు. టెంటు హౌసోడు కుర్చీలు మడతెట్టి వాటితో పాటు అవీ పట్టుకుపోనాడు. తరవాత మూడేళ్లపాటు ఎవరింట్లో పెళ్లికెల్లినా, సావుకెల్లినా, ఏదో ఒక కుర్చీ కింద మీ తాత నవల కనిపించీది. నేను సెప్తే మీ తాత, "అయితే ఊరంతా తిరుగుతన్నాదన్నమాట" అని సంబరపడ్డాడు. ఏటి సెప్తాం అలాటోడికి. సభకి కాలేజీలో తెలుగు సెప్పీ లెక్చరరొకాయన్ని పిలిచినాడు. ఆయన పుస్తకం అట్ట సూసి, "బంగారురాజు గారు మన మట్టివాసన పట్టుకున్నారు" అన్నాడు. మూడు పుస్తకాలకీ అదే ముక్క. రెండోది దయ్యం కథ గదా, దాంట్లోనూ మట్టివాసనే. ఆ దయ్యం సంగతి తెలుసు గదా నీకు? ఇల్లు కొన్నోడు ఖాళీ సెయ్యమంటే, ముప్పయ్యేళ్ల లింకు డాక్యుమెంట్లు పట్టుకొచ్చి సూపిస్తాది. భయమెయ్యదు సరిగదా, పాపం దయ్యం వైపే న్యాయం ఉన్నాదనిపిస్తాది. ఆ లెక్చరరే ఓసారి సెప్పినాడు, "బంగారురాజు గారూ, అంతా మీరు సూసినదే, జరిగినదే రాస్తున్నారు. కథన్నాక కాస్త కల్పన ఉండాలండీ." మీ తాత తల గోక్కుని, "జరగనిది రాస్తే కేసవుతాది గదండీ" అన్నాడు. వాడికి కల్పన రాదురా. సచ్చినా రాదు. నూకయ్య వంగతోట నిజంగానే ఉన్నాది, ఆ ఎనిమిది సెంట్లూ ఉన్నాయి, నేనెల్లి సూసినాను.

ఏటి, కథకొస్తావా? వస్తన్నాను ఉండు. నవ్విస్తన్నాను గదా, నవ్వొచ్చు గదా. ఈశ్వరీ, బాబుకి మంచినీళ్లియ్యమ్మా. మా కోడలికి మధ్యాన్నం సీరియలు ఎదర కూకుంటే ఇల్లు కాలినా ఇనబడదు.

అసిరమ్మని కళింగపట్నం దరిని ఒకావిడుండీది. మొగుడు పోనాడు, రెండెకరాల జీడితోట. తొంభయ్యొకటో సంవత్సరం. అప్పుడు రొయ్యల సెరువుల పిచ్చి పట్టినాది గదా, బయటోడొకడు కారేసుకుని వచ్చినాడు. మూడేళ్లు కౌలుకియ్యమ్మా, తరవాత నీ తోట నీదే అన్నాడు. ఆవిణ్ని మా వరండాకి తీసుకొచ్చినాడు. కాయితం మాత్రం కౌలు కాయితం కాదు, అమ్మకం కాయితం. మీ తాతే రాసినాడు. ముందురోజే వాడొచ్చి కూకుని రాయించుకున్నాడు. మీ తాతకి తెలుసు. లోపల ఆఫీసరు గారు, ఇష్టంతోనే ఇస్తన్నావా అమ్మా అని అడిగినారు, ఏటడిగినా అవుననమని వాడు ముందే నేర్పినాడు, ఆవిడ అవునన్నాది. ఆయనేటి సేస్తాడు, ఆవిడ తలూపినాది గదా. మూడేళ్లు పోయాక తోట సూసుకోడానికెల్తే జీడిసెట్లు లేవు, సెరువున్నాది, ఉప్పునీళ్లు. మా వరండాకొచ్చి అడిగినాది. కాయితం కాయితమే అప్పా, మేమేటి సెయ్యగలం అన్నాం. ఆవిడ అరవలేదు, తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. పెట్టుంటే బాగుణ్ణు. కాసేపు మెట్టు మీద కూకుని ఎల్లిపోనాది. తరవాత సముద్రం ఒడ్డున సేపలెండబెట్టుకుని బతికినాది.

అదే మీ తాత రాసినాడు, నాలుగో పుస్తకంలో. రెండువేల ఆరులో. తన పేరు మార్చలేదు. "బంగారురాజు, దస్తావేజు లేఖరి, ఫలానా తండ్రి కొడుకు, ఫలానా డోరు నంబరు" అని మొదటి వరసలోనే ఉన్నాది. కౌలని సెప్పి అమ్మకం రాసినాను, చదివి వినిపించకుండానే చదివి వినిపించితినని రాసినాను, ఇది నా నేరం అని రాసినాడు. హద్దులతో సహా. మీ నాయనమ్మ ఏడ్చినాది, పోలీసులొస్తారని. మీ తాత అదే కోరుకున్నాడేమో నాకు తెలదు. వకీళ్లకి ఇచ్చినాడు, పేపరోళ్లకి ఇచ్చినాడు, ఆఫీసుల్లో ఇచ్చినాడు. గుమ్మం దగ్గర డెస్కేసుకుని కూకున్నాడు, ఎవడో వస్తాడని. ఎవడూ రాలేదు. ఒరే, ఒక మనిషి నడిబజారులో తన నేరం ఒప్పుకుని, అయిదొందల కాపీలేసి సేతుల్లో పెడితే, ఊరు ఊరంతా కలిసి ఒక్కడూ సదవలేదురా. శాలువా కప్పినారు. కొత్త లెక్చరరొచ్చి, మన యాస బాగా పట్టారు అన్నాడు. ఇంక సాలు, ఊరి మీద గౌరవం పోనాది నాకు. తప్పు సేసి దాక్కోవాలంటే అడవికెల్లక్కర్లేదు, కథల పుస్తకం అచ్చేసుకుంటే సాలు.

నేనా? నేను సదివాను. ఊళ్లో నేనొక్కణ్నే సదివాను. ఇచ్చిన రోజే తలుపేసుకుని సదివాను. మూడుసార్లు సదివాను. ఎందుకేటి, నా పేరెక్కడుందో సూసుకోడానికి. ఆ కాయితం మీద మొదటి సాక్షిని నేనే గదా. అదీ సంగతి, అందుకే ఆ కథ ఒగ్గీమన్నాను, ఇప్పుడు సుబ్బరంగా తెలిసినాదా? నా పేరు లేదు. మూడుసార్లు ఎతికినా లేదు. సెట్లు లెక్కెట్టి రాసినోడు, కుక్క పడుకున్న సోటు కూడా రాసినోడు, సాక్షి దగ్గరకొచ్చీసరికి "సాక్షులు సంతకం చేసిరి" అని ఒక్క ముక్కతో దాటీసినాడు. నాకు బతికినానురా దేవుడా అనిపించినాది. ఆ రాత్రి కడుపునిండా తిన్నాను కూడా.

పది రోజులు పోయాక మీ తాత వచ్చి, "బావా, కళింగపట్నం ఎల్లాల, తోడు రా" అన్నాడు. ఆయనకి కన్ను ఆపరేషనైనాది అప్పటికి, బస్సు మెట్టు దిగాలంటే సెయ్యి పట్టుకోవాల. దేనికి అంటే, "ఆవిడికి సదివి ఇనిపించాల" అన్నాడు. "పిచ్చేటి నీకు, పదిహేనేళ్లైపోనాది, ఇప్పుడు సదివితే తోటొస్తాదా?" అన్నాను. "రాదు. కానీ సదవాలి గదా" అన్నాడు. అంతే, దస్తావేజు బుర్ర. ఎల్లినాం. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కినాం, నేను కిటికీ పక్కన. ఒడ్డున ఇసకలో వలలు పరిచి, వాటి మీద సేపలు పోసున్నాయి. ఆవిడ వంగుని ఒక్కొక్కటీ తిరగేస్తన్నాది. ముసిల్దయిపోనాది. మీ తాతని ఎంటనే పోల్చుకున్నాది. "రా బాబూ" అన్నాది, అదేదో సుట్టం వచ్చినట్టు. నేను కాస్త ఎడంగా, ఒడ్డుకి లాగిన పడవ నీడన కూకున్నాను. తువ్వాలు నెత్తిమీదేసుకున్నాను. ఎండ మరి.

మీ తాత నిలబడే సదివినాడు. పదకొండు పేజీలు. నోరెండిపోతే ఆగి, మళ్లీ సదివీవాడు. ఆవిడ సేపలు తిరగేస్తానే ఉన్నాది, కాకులొస్తే ఉష్ అంటన్నాది, ఇంటన్నాదో లేదో తెలదు. అందులో ఒక సోట ఉన్నాది, నీకు గుర్తుంటాది. ముద్ర ఎయ్యబోతా ఆవిడ, ఓపాలి సదివి ఇనిపించండి బాబూ అని అడుగుతాది. అప్పుడు లేఖరి, "మూడేళ్ల కౌలే గదప్పా, సదవడానికేటున్నాది, బస్సుకి టైమైపోతాది" అని, ఆవిడ ఏలు పట్టుకుని సిరాలో అద్ది కాయితం మీద నొక్కుతాడు. అక్కడిదాకా రాగానే ఆవిడ సేతిలో సేప ఒగ్గీసినాది. "ఆగు బాబూ" అన్నాది. "అది నువ్వనలేదు. నాను అడిగితే నువ్వు తల దించీసుకున్నావు. ఆ మాటన్నది ఇంకో బాబు. నాకు సోడా తెప్పించినాడు, భయపడకప్పా అన్నాడు, నా ఏలు ఆ బాబే అట్టుకున్నాడు. ఆ బాబు ఏడీ ఇందులోన?" మీ తాత పుస్తకం సూస్తన్నాడు. "ఇది కథప్పా, కథలో కొంచెం అటూ ఇటూ రాస్తారు" అన్నాడు. ఆవిడ ఏటన్నాదో తెలుసా. "ఆ కాయితంలోన నాకు తెలనిది రాసినారు. ఈ కాయితంలోన నాకు తెలిసినది రాయనేదు. రెండూ మీయే బాబూ, నాదేదీ?" అన్నాది. అని మళ్లీ సేపలు తిరగేసుకున్నాది. మీ తాత మిగతా రెండు పేజీలూ సదవలేదు.

ఎల్లేటప్పుడు సెంబుతో నీళ్లు తెచ్చినాది. మీ తాతకిచ్చి, నా దగ్గరకొచ్చి నాకూ ఇచ్చినాది. నా ముఖం సూడలేదు. నా సెయ్యి సూసినాదనుకుంటాను. గుర్తుపట్టినాదో లేదో ఇప్పటికీ నాకు తెలదు. నేను నీళ్లు తాగీసి సెంబు ఇచ్చీసినాను. అప్పా, అది నేనే అని ఒక్క ముక్క, ఎంత సేపు పడతాది? అనలేదు. వాడికి కల్పన రాదని ఊరంతా తిరిగి నవ్విందీ నేనే. నా మాట తీసి తన నోట్లో పెట్టుకున్నాడు, నా సెయ్యి తీసి తన సెయ్యి పెట్టినాడు. బతుకులో ఒక్కటే కల్పించి రాసినాడు, అది నాకోసం రాసినాడు. సిగ్గేసినాదిరా.

బస్సులో వస్తంటే, "రెండో ముద్రణలో సరిసేద్దామా బావా, నువ్వు సరేనంటేనే" అన్నాడు. నేను టికెట్టు ఎక్కడెట్టినానో ఎతుక్కున్నాను. తరవాత సంవత్సరం ఓసారి అడిగినాడు, సూద్దాం లే అన్నాను. అసిరమ్మ పోయిందని తెలిసినప్పుడు అడిగినాడు. ఇంక మంచం ఎక్కినాక మాట రాదు, సెయ్యి పట్టుకుని సూసీవాడు, ఏటడుగుతన్నాడో నాకు తెలుసు, తెలనట్టు దుప్పటి సరిసేసినాను. రెండో ముద్రణ అవలేదంటే డబ్బుల్లేక కాదురా, యుగంధర్ ఊరికే ఏస్తానన్నాడు. నేను సరేననలేదు, అందుకవలేదు. నువ్వు నిన్న ఫోన్ సేసి, తాతా, మళ్లీ అచ్చేస్తన్నాను అంటే, నాకు ఎనభయ్యొకటొచ్చినా భయమేసినాది. వీధిలో నలుగురూ పెద్దమనిషంటారు నన్ను. తగువులొస్తే నా దగ్గరకే వస్తారు, సాక్షిగా ఉండమంటారు.

ఏటి? అలగ సూడకు. మరి మీ పేరు పెట్టమంటారా తాతా, అని అడగబోతన్నావు గదా. అడక్కు. అడిగితే ఒద్దంటాను, నాకు తెలుసు నా సంగతి. నన్నడక్కుండా ఎయ్యి. ఈశ్వరీ, మంచినీళ్లడిగి ఎంతసేపైనాదమ్మా, ఆ టీవీ కట్టు.